రెగ్యులేటర్ మళ్ళీ కాలిందా? నాలుగోది కొనే ముందు ఈ మీటర్ పెట్టి చూడండి

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద మూడు రెక్టిఫైయర్ రెగ్యులేటర్లు కనిపిస్తున్నాయి కదా, మూడూ ఒకే ఇంజిన్‌లో కాలినవి. కాకినాడలో మా మావయ్య ఫైబర్ బోటుకు 40 హార్స్ పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు (బోటు వెనక బిగించే ఇంజిన్) ఉంది, సెల్ఫ్ స్టార్ట్ మోడల్. పది నెలల్లో మూడు రెగ్యులేటర్లు, ఒక బ్యాటరీ పోయాయి. ఒకరోజు తెల్లవారుజామున సముద్రం మధ్యలో సెల్ఫ్ తిరగక, తాడు లాగి లాగి స్టార్ట్ చేసుకుని ఒడ్డుకు వచ్చారు. ఆ రోజు ఇంట్లో అందరూ పడ్డ టెన్షన్ వల్లే నేనీ పని మొదలుపెట్టాను.

ఈరోజు రివ్యూ చేస్తున్నది, వైరు చుట్టూ దవడ పెట్టి కరెంటు కొలిచే ఈ డీసీ క్లాంప్ మీటర్‌ని. మీటర్ గురించి చెప్పే ముందు ఇంజిన్‌లో ఛార్జింగ్ ఎలా అవుతుందో కొంచెం చూద్దాం. ఫ్లైవీల్, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం లోపల అయస్కాంతాలు ఉంటాయి. అవి కాయిల్ చుట్టూ తిరిగితే ఏసీ కరెంటు పుడుతుంది. రెగ్యులేటర్ దాన్ని డీసీ చేసి, వోల్టేజీని అదుపులో పెట్టి, ఫ్యూజ్ మీదుగా బ్యాటరీకి పంపుతుంది. ఇంతే.

ఇంజిన్ ఆపి కొన్ని గంటలు వదిలేశాక నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుపుతూ కాస్త రేజ్ చేస్తే 13.8 నుంచి 14.5 మధ్యకు రావాలి. మావయ్య బోటులో కొత్త రెగ్యులేటర్ పెట్టినా 12.9 దాటలేదు. మెకానిక్ చూసి కాయిల్ పోయిందన్నాడు. కాయిల్ మార్చాలంటే ఫ్లైవీల్ ఊడదీయాలి, ఖర్చు కూడా ఎక్కువే. అందుకే ముందు కొలిచి చూశాను. కాయిల్ నుంచి వచ్చే రెండు వైర్లను రెగ్యులేటర్ దగ్గర విప్పి మీటర్ పెడితే ఓమ్ కంటే తక్కువ చూపించింది. ఇంజిన్ బాడీకి అసలు కలవలేదు. అంటే కాయిల్ తెగలేదు, బాడీకి షార్ట్ కాలేదు. ఈ వైర్ల రంగు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీ ఇంజిన్ మాన్యువల్ చూసుకోండి.

ఈ తర్వాతి పరీక్ష చాలామంది చేయరు, ఇదొక్కటీ దయచేసి నేర్చుకోండి. ఇంజిన్ నడుస్తుండగా మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, మీటర్ వైరు చివరి ముల్లు (ప్రోబ్) ఒకటి రెగ్యులేటర్ నుంచి బయటికొచ్చే ఎర్ర వైరు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. దారి బాగుంటే అక్కడ 0.2, మహా అయితే 0.3 వోల్టులు చూపించాలి. మాకు 1.3 వచ్చింది! రెగ్యులేటర్ తన దగ్గర 14.2 ఇస్తోంది, బ్యాటరీకి 12.9 మాత్రమే చేరుతోంది.

ముల్లు ఒక్కో జాయింటు దాటించుకుంటూ వెళ్తే ఫ్యూజ్ హోల్డర్ దొరికింది. 20 ఆంప్స్ ఫ్యూజ్ బాగానే ఉంది, ముగ్గురు మెకానిక్‌లు ఫ్యూజ్ తీసి చూసి బాగుందనే చెప్పారు. ఫ్యూజ్ కూర్చునే క్లిప్పును మాత్రం ఎవరూ చూడలేదు. ఉప్పునీటికి చిలుము పట్టి, లూజై, వేడికి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. అల కొట్టినప్పుడల్లా ఆ క్లిప్పు ఒక్క క్షణం వదిలేసేది. బ్యాటరీ తెగిపోయిన ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి రెగ్యులేటర్‌లోని డయోడ్‌ల మీద పడేది. మూడు రెగ్యులేటర్లు అలా పోయాయి. ఇంజిన్ మాత్రం ఆగేది కాదు. ప్లగ్గుకు స్పార్క్ ఇచ్చే సీడీఐ ఇగ్నిషన్‌కు దీనిలో వేరే కాయిల్ ఉంటుంది, బ్యాటరీతో పని లేదు. సెల్ఫ్ కేబుల్ కూడా ఈ ఫ్యూజ్ మీదుగా పోదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. "అల్లుడూ, బోటు మీటర్ లైటు అప్పుడప్పుడూ రెప్ప కొట్టేదిరా" అని మావయ్య తర్వాత గుర్తు చేసుకున్నారు. మీ బోటులో అలా జరిగితే వెంటనే హోల్డర్ చూడండి.

కొత్త వాటర్‌ప్రూఫ్ హోల్డర్ వేశాం. టిన్ పూత ఉన్న రాగి వైరు, క్రింప్ చేసిన లగ్గులు, లోపల జిగురు ఉండి వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం వాడాం. బ్యాటరీ మీద చేత్తో తిప్పే రెక్కల నట్లు తీసేసి, స్పానర్‌తో బిగించే లాక్ నట్లు పెట్టాం. వేట నిషేధం జూన్ 14తో ముగిసిన మర్నాటి నుంచి బోటు తిరుగుతోంది. బ్యాటరీ దగ్గర ఇప్పుడు 14.1 వస్తోంది.

ఇక క్లాంప్ మీటర్. వైరు కోయకుండా, చుట్టూ దవడ పెడితే ఎన్ని ఆంప్స్ పోతున్నాయో చెబుతుంది. మా ఇంజిన్ ఆరు ఆంప్స్ ఇస్తోంది. ఫిష్ ఫైండర్, లైట్లు, నీళ్ళు తోడే పంపు కలిపి ఐదు లాగుతున్నాయి. అన్నీ ఒకేసారి వేస్తే బ్యాటరీకి మిగిలేది ఒక్క ఆంపే. ఈ లెక్క తెలిశాక మావయ్య పంపును అవసరమైనప్పుడే వేస్తున్నారు. కొనేటప్పుడు ఏసీ ఒక్కటే కొలిచే క్లాంప్ తీసుకోకండి, డీసీ ఆంప్స్ అని రాసి ఉండాలి. నాకు నచ్చనివి మూడు. ప్రతిసారీ జీరో బటన్ నొక్కాలి. ఫ్లైవీల్ దగ్గరకు తెస్తే అయస్కాంతం వల్ల రీడింగ్ మారిపోతుంది, బ్యాటరీ దగ్గరే కొలవండి. పైగా తడి తగలనివ్వకూడదు. ఇవి భరించగలిగితే కొనమనే చెబుతాను. ఒక్క రెగ్యులేటర్ మిగిలినా దీని ధర వచ్చేసినట్టే.

రెండు జాగ్రత్తలు మర్చిపోవద్దు. ఒడ్డు మీద ఇంజిన్ నడిపితే నీళ్ళు అందేలా చూడండి, లేదంటే ఇంజిన్‌కు నీళ్ళు తోడే రబ్బరు ఇంపెల్లర్ మాడిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీసి "ఛార్జింగ్ ఉందో లేదో" చూసే అలవాటు మానండి, ఒక్కసారికే రెగ్యులేటర్ పోవచ్చు.

మీ బోటులో ఇదే సమస్య ఉంటే కామెంట్‌లో మూడు రీడింగ్‌లు రాయండి: ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర, నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర, నడుస్తున్నప్పుడు రెగ్యులేటర్ దగ్గర. ఈ మూడూ ఉంటే ఎక్కడ వెతకాలో చెప్పగలను.