గ్రామాటికల్ ఎవల్యూషన్ సరిగ్గా వెతకట్లేదా? ముందు మ్యాపింగ్ చూడండి

హలో అండీ. గ్రామాటికల్ ఎవల్యూషన్ అంటే జీవ పరిణామంలాగా తరతరాలుగా మారుస్తూ, కలుపుతూ మంచి ప్రోగ్రామ్‌ని వెతికే పద్ధతి. దీన్ని రన్ చేసి రిజల్ట్ రాకపోతే చాలామంది మ్యుటేషన్ రేట్ (నంబర్లు ఎంత తరచుగా మారాలన్నది) మారుస్తారు, పాపులేషన్ (ఒక తరంలోని ప్రోగ్రామ్‌ల సంఖ్య) పెంచుతారు. నేనైతే ముందు మ్యాపింగ్ చూడమంటాను, అంటే నంబర్ల వరసని ప్రోగ్రామ్‌గా మార్చే స్టెప్ అన్నమాట.

గ్రామాటికల్ ఎవల్యూషన్ 1998లో కానర్ ర్యాన్, జె.జె. కాలిన్స్, మైకేల్ ఓనీల్ తెచ్చిన పద్ధతి.

[స్క్రీన్ మీద: 12, 8, 5, 11, 6]

మన గ్రామర్‌లో, అంటే ప్రోగ్రామ్ ఎలా రాయొచ్చో చెప్పే రూల్స్‌లో, ఎక్స్‌ప్రెషన్‌కి మూడు ఆప్షన్లు. 0 వస్తే రెండు ఎక్స్‌ప్రెషన్ల కూడిక, 1 వస్తే గుణకారం, 2 వస్తే వేరియబుల్. వేరియబుల్‌కి రెండే, 0 ఎక్స్, 1 వై. ఇప్పుడు 12ని 3తో భాగిస్తే శేషం 0, కూడిక. దాని ఎడమ పక్కకి 8, శేషం 2, వేరియబుల్. 5ని 2తో భాగిస్తే శేషం 1, వై. కుడి పక్కకి 11, 6 వాడితే ఎక్స్ వస్తుంది. మొత్తం వై ప్లస్ ఎక్స్.

8ని 11 చేయండి. శేషం మళ్లీ 2నే, ప్రోగ్రామ్ కదల్లేదు, దీన్నే రిడండెన్సీ అంటారు.

అదే 8ని 7 చేసి చూడండి. శేషం 1, గుణకారం వచ్చి పడింది, దాంతో ఇందాక వై ఇచ్చిన 5 ఇప్పుడు వేరియబుల్ అనే ఆప్షన్‌ని ఎంచుకుంటోంది, 11 వై అయింది, 6 ఇంకో కూడిక తెరిచింది, నంబర్లేమో అయిపోయాయి! రాపింగ్ పెట్టి మళ్లీ మొదటినుంచి చదివినా అదే చక్రం, ఎన్నిసార్లు తిప్పినా పూర్తవదు. ఒక్క నంబర్ మారితే తర్వాతవాటన్నిటి అర్థం మారింది కదా, ఇదే రిపుల్ ఎఫెక్ట్. తల్లిదండ్రుల్లోని మంచి ముక్క పిల్లలకి అందకపోతే మనం చేసేది దాదాపు రాండమ్ సెర్చే.

అందుకే 2016లో స్ట్రక్చర్డ్ గ్రామాటికల్ ఎవల్యూషన్‌లో ఒక్కో నాన్‌టెర్మినల్‌కి (అంటే ఎక్స్‌ప్రెషన్, వేరియబుల్ లాంటి, ఇంకా విడగొట్టాల్సినవాటికి) విడిగా జీన్ లిస్ట్, అంటే సొంత నంబర్ల వరస ఇచ్చారు, వేరియబుల్‌కి రాసిన నంబర్‌ని ఎక్స్‌ప్రెషన్ లాక్కోలేదు.

గ్రామర్ రాసే తీరు కూడా ముఖ్యమే, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. మన గ్రామర్‌లో మూడింట రెండు ఆప్షన్లు మళ్లీ ఎక్స్‌ప్రెషన్లనే పుట్టిస్తాయి, కాబట్టి రాండమ్‌గా ఎంచుకుంటూ పోతే, రాపింగ్ లేకుండా ఎంత పొడవు జీనోమ్ (నంబర్ల వరస) ఇచ్చినా సుమారు సగం ప్రోగ్రామ్‌లే పూర్తవుతాయి. ఆ వేరియబుల్ లైన్‌నే ఇంకోసారి రాసి నాలుగు ఆప్షన్లు చేయండి. రాయగలిగే ప్రోగ్రామ్‌లు అవే, కానీ జీనోమ్ పొడవు చాలినంత ఉంటే ఇప్పుడు దాదాపు అన్నీ పూర్తవుతాయి.