జెర్సీ ఏ ఊరిది?

శ్రోతలకు నమస్కారం.

బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లెలో ఆవుకు చూడు పరీక్ష చేసి చేతులు కడుక్కుంటున్నాను. నీళ్లు పోస్తున్న ఆ ఇంటి అక్క అడిగింది: "సార్, ఒంగోలు ఆవు ఒంగోలుది. పుంగనూరు ఆవు పుంగనూరుది. మరి ఈ జెర్సీ ఏ ఊరిది సార్?"

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ కొట్టంలో చూసినా జెర్సీ సంకరమో, హెచ్‌ఎఫ్ అంటే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ సంకరమో కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా పశువైద్యం చేస్తున్నా ఈ మాట నన్నెవరూ అడగలేదు. జెర్సీ ఊరు కాదు, దీవి. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రంలో, ఫ్రాన్సు ఒడ్డుకు దగ్గరగా ఉంటుంది. సుమారు 120 చదరపు కిలోమీటర్లు, లక్ష పైచిలుకు జనం. విడిపోకముందు మన పాత చిత్తూరు జిల్లాలో అలాంటివి నూటికి పైగా పడతాయి.

అంత చిన్న దీవిలో ఇలాంటి ఆవు ఎలా తయారైంది? అక్కడి వాళ్లకు ఉన్నది కొద్ది నేల, దాని మీద పచ్చిక. ఆ నేలకు తగ్గట్టు ఒళ్లు చిన్నది, పాలలో వెన్న ఎక్కువ ఉన్నది అయిన ఆవును నిలబెట్టుకున్నారు. 1789లో బయటి పశువును దీవిలోకి తేకూడదని చట్టం చేసుకున్నారు. బయటి ఎద్దు వీర్యాన్ని అనుమతించింది 2008లో. రెండు వందల ఏళ్లకు పైగా కాపాడుకున్న జాతి అది. అక్కడి డెయిరీ కూడా రైతుల సహకార సంఘానిదే.

ఇదంతా చెప్తే అక్క కాసేపు ఆలోచించి, "అంత చిన్న దీవి అయితే మేత ఎక్కడ సార్?" అంది. దీవిలో పాడి గురించి ఎవరైనా ముందు అడగవలసిన ప్రశ్న అదే. ఆవులను ఓడలోనో విమానంలోనో తెప్పించుకోవచ్చు. గడ్డిని రోజూ తెప్పించుకోలేం.

ఈ మాట నాకు బాగా అర్థమైంది ఒక మారిషస్ పెద్దావిడ వల్ల. కొండకు వచ్చిన వాళ్ల కుటుంబం తిరుపతిలో మాకు తెలిసినవాళ్లింట్లో దిగింది. పొద్దున కాచి దించిన పాలు చల్లారి మీగడ కట్టాయి. ఆవిడ చెంచాతో ఆ మీగడ అంచు పైకెత్తి అలాగే చూస్తూ నిలబడింది. "మా ఇంట్లో డబ్బా పొడే నాయనా. చిన్నప్పుడు మా అమ్మ చెరకు తోటల గట్ల మీద గడ్డి కోసి తలమీద మోసుకొచ్చేది. అప్పుడు ఇంట్లో ఆవు ఉండేది" అని చెప్పింది.

మారిషస్ హిందూ మహాసముద్రంలో సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల దీవి దేశం. మన తెలుగువాళ్లు కూలీలుగా వెళ్లింది ఆ చెరకు తోటలకే. ఇప్పటికీ సాగు నేలలో ఎక్కువ భాగం చెరకుదే. వాళ్లు తాగే పాలలో చాలా భాగం పొడి రూపంలో ఓడల్లో వస్తుంది, దాణా కూడా ఓడల్లోనే. సముద్రం మీద కిరాయి పెరిగితే ఆవు తినే ముద్ద ఖరీదు పెరుగుతుంది. 2016లో గాలికుంటు వ్యాధి ఆ దేశానిదే అయిన రోడ్రిగ్స్ అనే చిన్న దీవిలో మొదలై మారిషస్‌కూ పాకింది. ఉన్న కొద్ది పశువులకు అలాంటి దెబ్బ తగిలితే కోలుకోవడం కష్టం. మన దగ్గరైతే పక్క జిల్లా నుంచి ఆవులు తోలుకొస్తాం.

అయితే మేతా జాతీ కుదిరినంత మాత్రాన సరిపోదు. జమైకా దీవి కథ వినండి. అక్కడి ఎండకు, పిడుదులకు జెర్సీ ఆవు తట్టుకోలేకపోయేది. థామస్ లెకీ అనే శాస్త్రవేత్త హోప్ అనే ఫారంలో జెర్సీని మన పంజాబు వైపు సాహివాల్‌తో కలిపి, కొంచెం హోల్‌స్టీన్ చేర్చి, ఏళ్ల తరబడి ఎంచి ఎంచి ఒక కొత్త జాతిని తయారుచేశాడు. 1952లో దానికి జమైకా హోప్ అన్న పేరుతో గుర్తింపు వచ్చింది. ఎండను ఓర్చుకునే, వాళ్ల గడ్డి తిని పాలిచ్చే ఆవు. ఎంత గొప్ప పని! తర్వాత 1990లలో అప్పుల షరతుల కింద దిగుమతి సుంకాలు తగ్గించారు. సబ్సిడీతో చవకైన యూరపు పాలపొడి వచ్చి పడింది. కంపెనీలు పొడి కలుపుకుని అమ్ముకున్నాయి, రైతులు కొనేవాళ్లు లేక పాలు పారబోసుకున్నారు. ఆవులను కసాయికి అమ్మారు.

పాలపొడే పాపిష్టిది అనను. 1970లో మన దేశంలో పాడిని పెంచే ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదలైంది కూడా యూరపు దానంగా ఇచ్చిన పొడితో, వెన్న నూనెతోనే. ఆ పథకాన్ని నడిపిన కురియన్ గారూ ఆయన సహచరులూ దాన్ని రైతు ధర పడిపోకుండా పట్నాల్లో అమ్మించి, వచ్చిన డబ్బుతో డెయిరీలు, శీతల కేంద్రాలు కట్టించారు. ఒకచోట పొడి పాడిని చంపింది, మరోచోట నిలబెట్టింది. తేడా అంతా ధర ఎవరి చేతిలో ఉందన్నదే.

మారిషస్ లాంటి చిన్న దీవి ఇవాళ పాడి పెట్టుకోవాలంటే నేను చెప్పేది ఇది. ముందు చెరకు ఆకును వృథా చేయకుండా పాతర గడ్డిగా (సైలేజీగా) నిల్వ చేసుకోవాలి. అందులో మాంసకృత్తులు తక్కువ, కాబట్టి గట్ల మీద సుబాబుల్, అవిశ పెంచి ఆకు కలపాలి. ఆ మేతకు సరిపడా ఆవులనే పెట్టాలి. పేడను గోబర్ గ్యాసుకూ, తిరిగి చెరకు తోటకూ పంపాలి. ధరలో పొడితో పోటీకి దిగకూడదు. బడులకు, ఆసుపత్రులకు, హోటళ్లకు తాజా పాలు, పెరుగు ఏడాది పొడవునా ఒప్పంద ధరకు పోయాలి. మిగతా అవసరానికి పొడి తెచ్చుకోవచ్చు, కానీ దాని మీద సుంకం కొంత పాడి రైతుకు చేరాలి.

మనకు సముద్రం అడ్డం లేదు గానీ, వానలు పోయిన ఏడు మన పల్లెలు కూడా దీవులే. వేరుశనగ పోతే పశువులకు మేతగా వేసే దాని కట్టె కూడా పోతుంది. నెల్లూరు వైపు నుంచి వరిగడ్డి లారీ వస్తే దాని చుట్టూ జనం. పాలకేంద్రంలో చీటీ మీద వచ్చిన డబ్బు దాణా కొట్టుకే పోతుంది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో పెంచుతున్న పుంగనూరు ఆవును చూసినప్పుడల్లా నాకు జెర్సీ దీవి గుర్తుకొస్తుంది. నడుమంత ఎత్తు ఉండే ఆవు, కొంచెం మేతతో చిక్కటి పాలిస్తుంది. మన కరువు నేలకు తగిన ఆవును మనవాళ్లు ఎప్పుడో తయారుచేసుకున్నారు. ముద్దుకు పెంచుకునే ఆవుగానే మిగిలిపోతోందేమో అని నా బెంగ.

మొన్న మళ్లీ బంగారుపాళ్యం వైపు వెళ్లాను. అక్క బావి కాలువ వెంబడి ఐదు సెంట్లలో సూపర్ నేపియర్ గడ్డి ముక్కలు నాటింది. గట్టు మీద అవిశ మొలకలు బెత్తెడు ఎత్తు లేచాయి. మేకలు రాకుండా వాటి చుట్టూ తుమ్మకంప కొడుతూ, "దూడకు ఆరో నెల వచ్చేలోగా కోతకొస్తుందా సార్?" అని అడిగింది. నేపియర్ వస్తుంది అక్కా, అవిశకు ఇంకొంచెం ఆగాలి అన్నాను.

నమస్కారం.