ఆఖరి రీడింగ్ ఎప్పటిది?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, మళ్లీ చదవను. నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ సర్వీసులు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసుకోవడం గురించి మాట్లాడమన్నారు. స్లైడ్లు తెచ్చాను గానీ, ముందు నా కడుపుమంట ఒకటి చెప్పుకోవాలి.

నేను పనిచేసిన ఒకచోట గోడకి పెద్ద తెర ఉండేది. రౌటర్లు, స్విచ్‌లు అన్నీ పచ్చగా కనిపించేవి. ఒకరోజు పొద్దున్నే ఒక బ్రాంచి నుంచి ఫోన్, లింక్ పడిపోయిందని. తెర మీద మాత్రం పచ్చగానే ఉంది. షిఫ్టులో ఉన్న కుర్రాడు సర్వర్‌లో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ అని, సర్వీసు నడుస్తోందో లేదో చెప్పే కమాండ్ కొట్టాడు. 'యాక్టివ్, రన్నింగ్' అని వచ్చింది. మేనేజర్‌గారికి అంతే చాలు. "మా దగ్గర అంతా బాగానే ఉంది, మీ వైపే చూసుకోండి" అన్నారు. మధ్యాహ్నం దాకా అదే పాట. చివరికి ఆ కుర్రాడే ఒక గ్రాఫ్ తెరిచాడు. గీత తెల్లవారుజామునే ఆగిపోయి ఉంది. డేటాబేస్ ఉన్న డిస్క్ నిండిపోయింది. పరికరాల్ని అడిగి రీడింగులు తెచ్చే ప్రోగ్రామ్, అదే పోలర్, బతికే ఉంది, రాయడానికి చోటే లేదు. కాపలావాడు కుర్చీలో నిద్రపోతున్నా కుర్చీ ఖాళీగా లేదుగా, అలాగన్నమాట. మీటింగ్‌లో తిట్లు ఎవరికి పడ్డాయి? కనిపెట్టిన కుర్రాడికే! ఆ కోపం నాకింకా తగ్గలేదు.

అందుకే అడుగుతున్నాను. మీ తెర మీద ఆఖరి రీడింగ్ ఎప్పటిదో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా!

అయిదు నిమిషాలకోసారి పోల్ చేసే సిస్టమ్‌లో పావుగంటగా కొత్త డేటా రాకపోతే అలారం మోగాలి. స్టేటస్‌లో ఎప్పటినుంచి నడుస్తోందో కూడా రాసి ఉంటుంది, అదీ చదవండి. ఆటో రీస్టార్ట్ పెట్టాక సర్వీసు గంటకోసారి పడి లేస్తున్నా పచ్చగానే కనిపిస్తుంది.

ట్రాప్‌ల సంగతి, అంటే తేడా వస్తే పరికరాలు తమంతట తామే పంపే కబుర్ల సంగతి, ఇంకా ఘోరం. అవి యూడీపీ అనే పద్ధతిలో 162 పోర్టుకి వస్తాయి, అందినట్టు జవాబు ఉండదు. వాటిని అందుకునే రిసీవర్ ప్రోగ్రామ్ చచ్చిపోతే స్విచ్‌కి తెలియదు, మనకీ తెలియదు. అలారాలు రాలేదు కాబట్టి అంతా ప్రశాంతమనుకుంటాం. ఈ కబుర్లకి వాడే ఎస్ఎన్ఎంపీ ప్రోటోకాల్ రెండో వెర్షన్‌లో వచ్చిన ఇన్‌ఫార్మ్ అనే కబురుకైతే జవాబు వస్తుంది, వీలైనచోట అది వాడండి.

ఇది స్లైడ్‌లో లేదు, గుర్తొచ్చింది కాబట్టి చెబుతున్నా. పరికరం అప్‌టైమ్‌ని, అంటే ఎంతసేపటినుంచి ఆగకుండా నడుస్తోందన్న లెక్కని, సెకనులో నూరో వంతు లెక్కన 32 బిట్లలో దాస్తారు. 497 రోజులకి అది మళ్లీ సున్నా అవుతుంది. ఆ సున్నా చూసి రీబూట్ అయిందని ఎవరినీ నిద్ర లేపకండి బాబూ.

అసలు పరీక్ష ఒకటే. టెస్ట్ స్విచ్‌లో ఒక పోర్టు ఆపండి, మీ ఫోన్ మోగుతుందేమో చూడండి. మధ్యలో రిసీవర్, డేటాబేస్, అలర్ట్ ఇంజిన్, మెయిల్ సర్వర్ ఉన్నాయి, ఏది పడినా మెసేజ్ రాదు. ఆ మెయిల్ కూడా పడిపోయిన నెట్‌వర్క్ మీదుగానే వెళ్లాలంటే ఇక చెప్పేదేముంది! అందుకే వేరే నెట్‌వర్క్‌లో ఒక చిన్న మెషిన్ పెట్టండి. మీ సర్వర్ దానికి హార్ట్‌బీట్, అంటే 'బతికే ఉన్నాను' అనే కబురు, పంపుతూ ఉండాలి. ఆగిందంటే అది అరవాలి.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. స్లైడ్లు పోనివ్వండి. ఇవాళే మీ అలర్ట్‌లు ఏయే నంబర్లకి వెళ్తున్నాయో తీసి చూడండి, ఉద్యోగం మానేసినవాళ్లవి కూడా ఉంటాయి. ప్రశ్నలుంటే అడగండి.