టాపు ఒకరిది, క్విల్టింగ్ మరొకరిది: అప్పగింత వేళ చెప్పుకోవలసిన మాటలు

సభకు నమస్కారం. అమెరికాలో ఉంటూ క్విల్టు పని నేర్చుకుంటున్న తెలుగువారి ముందు ఈ రోజు నేను డిజైన్ల గురించో బట్టల ఎంపిక గురించో మాట్లాడబోవడం లేదు. కుట్టిన టాపును, అంటే క్విల్టు పై పొరను, క్విల్టింగ్ చేయడానికి, అంటే పొరలన్నిటినీ కలిపి కుట్టడానికి, లాంగ్ ఆర్మ్ యంత్రం ఉన్నవారికి అప్పగించే ఆ కాసేపటి గురించే చెప్పదలచుకున్నాను. తరువాత వచ్చే మనస్పర్థల్లో చాలా భాగం అప్పుడు అడగకుండా వదిలేసిన ప్రశ్నల నుంచి పుట్టినవేనని నా అభిప్రాయం.

మన ఇళ్లలో పాత చీరలతో బొంత కుట్టినప్పుడు గుడ్డలు పేర్చినవారే సాధారణంగా పొరలను కూడా కలిపి కుట్టేవారు కాబట్టి, ఒకరి మనసులోని మాట మరొకరికి చెప్పవలసిన అవసరం పెద్దగా ఉండేది కాదు. ఇక్కడ పరిస్థితి వేరు. లాంగ్ ఆర్మ్ అంటే పది పన్నెండు అడుగుల చట్రం, దాని రోలర్లకు చుట్టిన గుడ్డ, పట్టాల మీద కదిలే యంత్రం. దాని ఖరీదును, అది ఆక్రమించే గదిని భరించగలవారు తక్కువ. అందుకే చాలామంది టాపు వరకు తాము కుట్టుకుని మిగిలిన పని బయట చేయించుకుంటారు, తమ వంతు కోసం నెలల తరబడి వేచి ఉంటారు. మిస్సోరీ రాష్ట్రంలోని హామిల్టన్ అనే చిన్న ఊరిలో, తల్లి జెన్నీ డోన్ తన క్విల్టు కోసం అలా ఎదురుచూడడం గమనించిన పిల్లలు ఒక యంత్రం కొని 2008లో మొదలుపెట్టిన దుకాణమే ఇప్పటి మిస్సోరీ స్టార్ క్విల్ట్ కంపెనీ. ఆ నిరీక్షణ వ్యాపారానికి దారి చూపిందేమో కానీ, జ్ఞాపకానికి మాత్రం అది శత్రువు. మార్చిలో నోటిమాటగా చెప్పిన దారం రంగు సెప్టెంబరులో యంత్రం ముందు నిలబడినప్పుడు ఇద్దరిలో ఎవరికీ సరిగా గుర్తుండదు. కాబట్టి చెప్పినది ఏదైనా కాగితం మీదికి ఎక్కాలి.

దర్జీ దగ్గరికి వెళ్లేటప్పుడు మనం కొలత జాకెట్టు పట్టుకుని వెళతాం. మెడ ఎంత దిగాలో, చేతులు ఎంత పొడవుండాలో అదే చెబుతుంది. క్విల్టుకు అలాంటి కొలత లేదు. ఉన్నవన్నీ మాటలే, అవి కూడా కొలవడానికి వీలుకాని మాటలు. “మీకు ఏది బాగుంటుందనిపిస్తే అది చేయండి” అనేది వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అది నమ్మకంలా వినిపిస్తుంది కానీ, నిజానికి ఆ మాట అన్నవారి మనసులో అప్పటికే ఒక బొమ్మ ఉంటుంది. “దట్టంగా కుట్టండి” అనేది రెండవది. గీతల మధ్య అర అంగుళం ఉన్నా దట్టమే, రెండు అంగుళాలున్నా కొందరి దృష్టిలో దట్టమే. అర అంగుళం దూరంలో కుట్టినది గోడకు వేలాడదీయడానికి బాగుంటుంది కానీ, పసిబిడ్డకు కప్పితే అట్టలా బిగుసుకుని ఉంటుంది. అందువల్ల అడిగేవారు అంగుళాలలో అడగాలి. చేసేవారు తాము కుట్టిన నమూనా ముక్కలను చేతికిచ్చి, మడిచి చూడమనాలి. కుట్టిన తరువాత విప్పడం కుట్టడానికి పట్టిన సమయం కంటే ఎన్నో రెట్లు తింటుంది; బాతిక్ వంటి గట్టి నేత గుడ్డల మీద సూది రంధ్రాలు తేలికగా పూడవు.

గుడ్డ సిద్ధం చేసే విషయంలో వచ్చే తగాదాలు ఇంకా సూటిగా ఉంటాయి. యంత్రానికి బిగించడానికి బ్యాకింగ్ (అడుగు గుడ్డ), బ్యాటింగ్ (మధ్యలో ఉండే మెత్తటి పొర) రెండూ టాపు కంటే ప్రతి వైపు సుమారు 4 అంగుళాలు ఎక్కువ ఉండాలని చాలామంది అడుగుతారు. అంటే 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు ఉన్న టాపుకు 68కి 88 కావాలి. ఇది చెప్పకపోతే, ఇంటి దగ్గర చేసినట్టే మూడు పొరలనూ పిన్నులతో కలిపి తెచ్చేవారు ఉంటారు, అప్పుడు ఆ పిన్నులన్నీ తీయవలసిందే. బ్యాకింగ్ అతుకు సరిగ్గా నడిమధ్యకు రావాలని కోరేవారు కూడా, పని జరిగేటప్పుడు అడుగు గుడ్డ రోలరు మీద దాగి ఉంటుందన్న సంగతి ఎరిగి ఉండరు.

అన్నిటికంటే సున్నితమైనది బోర్డరు. టాపు మధ్యభాగం కొలవకుండా, పొడవాటి పట్టీని అంచు వెంబడి కుట్టుకుంటూ పోయి చివర కత్తిరిస్తే, ఆ బోర్డరు లోపలి భాగం కంటే పొడవై అలలు తేలుతుంది. “క్విల్టింగ్‌లో సర్దుకుంటుంది లెండి” అని తెచ్చినవారు అంటారు, మొహమాటపడి చేసేవారు ఊరుకుంటారు. కొద్దిపాటి వదులు నిజంగానే సర్దుకుంటుంది. ఎక్కువైతే ముడత పడక తప్పదు. ఇక్కడ నేను వృత్తిగా చేసేవారి వైపు నిలబడను. బల్ల మీద పరిస్తే కనబడే లోపాన్ని యంత్రానికి ఎక్కించక ముందే చెప్పడం, “విప్పి మళ్లీ కుట్టి తెస్తారా, ముడతలు పడినా సరేనా” అని అడగడం వారి బాధ్యత. డబ్బు తీసుకునేటప్పుడు ముడతల గురించి చెబితే అది సాకులా వినబడుతుంది.

ధర సంగతి తొందరగా ముగిస్తాను. లెక్క సాధారణంగా చదరపు అంగుళానికి ఉంటుంది. పైన చెప్పిన టాపు 4,800 చదరపు అంగుళాలు కాబట్టి, ఉదాహరణకు 2 సెంట్ల చొప్పున ఒకే నమూనా అంతటా కుట్టిస్తే 96 డాలర్లు, 6 సెంట్ల చొప్పున ఒక్కో భాగానికి తగిన నమూనాతో కస్టమ్ పని చేయిస్తే 288. దారం, బ్యాటింగ్ ధర దీనికి అదనంగా ఉండవచ్చు. ఎంత పెట్టగలరో, ఏ తేదీకి కావాలో చెప్పడానికి సిగ్గుపడేవారే చివరికి ఎక్కువ బాధపడటం చూశాను.

పేరు ఎవరిదన్న ప్రశ్న కూడా మొదటే తేల్చుకోవాలి. 1989లో కెంటకీ రాష్ట్రంలోని పడూకాలో జరిగిన క్విల్టుల పోటీలో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ యంత్రంతో క్విల్టింగ్ చేసిన క్విల్టు అత్యుత్తమ బహుమతి గెలిచింది. యంత్రపు పనికి ఆ స్థాయి గౌరవం అక్కడ దక్కడం అదే మొదటిసారి. నేడు లాంగ్ ఆర్మ్ మీద పనిచేసేవారిలో తమదైన శైలి ఉన్న కళాకారులు ఎందరో ఉన్నారు. పోటీకి పంపే ఉద్దేశం ఉంటే, దరఖాస్తులో ఇద్దరి పేర్లూ రాస్తామని, వెనుక కుట్టే లేబులు మీద కూడా రాస్తామని అప్పగించేటప్పుడే మాట ఇవ్వడం మర్యాద.

క్విల్టు తిరిగి తీసుకునేటప్పుడు, అంచు చుట్టూ బైండింగ్ పట్టీ కుట్టక ముందే, మంచి వెలుతురులో రెండు వైపులా ఇద్దరూ కలిసి చూడండి. పక్క బల్ల మీద మూడు రకాల దట్టంతో కుట్టిన ముక్కలు, అలలు తేలిన బోర్డరు ఒకటి, అప్పగింత పత్రం నమూనా ఉంచాను. ప్రశ్నలు అడిగే ముందు వాటిని చేతితో తాకి చూడవలసిందిగా కోరుతున్నాను.