క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలించుకుంటే ఎప్పుడు ఒప్పు, ఎప్పుడు తప్పు?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: యాంకర్, ఒక మాజీ రిఫరీ, ఒక విశ్లేషకురాలు)

యాంకర్: నమస్కారం. అమెరికాలో స్థిరపడిన మన ఇళ్లలో ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్, మ్యాచ్ పెడితే పిల్లలు ఇట్టే అల్లుకుపోతారు. పెద్దవాళ్లు మాత్రం ఫౌల్ జరిగిందని రిఫరీ విసిరే పసుపు జెండా పడగానే "ఇప్పుడేమైందిరా?" అని అడుగుతారు. రిఫరీ గారూ, క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని పాస్ వేసే ఆటగాడు, వేసే పాస్‌కి సంబంధించి ముందుగా ఏం తెలియాలి?

రిఫరీ: రెండే రెండండి. ఒక డౌన్‌లో, అంటే బంతిని ముందుకు తీసుకెళ్లడానికి దొరికే ఒక ప్రయత్నంలో, ముందుకు వేసే పాస్ ఒక్కటే. అదీ లైన్ ఆఫ్ స్క్రిమ్మేజ్ వెనక నుంచే, అంటే ఆట మొదలైన గీత వెనక నుంచే. బంతి వదిలే క్షణానికి అతని ఒళ్లంతా, బంతితో సహా, గీత దాటేస్తేనే ఫౌల్. క్రికెట్‌లో బౌలర్ మడమ కాస్త క్రీజు వెనక ఉంటే నోబాల్ కాదు చూడండి, అలాగే. దాటితే 5 గజాలు పోతాయి, ఆ డౌన్ కూడా పోతుంది.

విశ్లేషకురాలు: ఈ పాస్ నిబంధన చాలా పోరాటాల మీద వచ్చింది సార్. 1905లో కాలేజీ ఆటల్లో కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటుంటే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లను వైట్‌హౌస్‌కి పిలిపించారు. ఆ మరుసటి ఏడాది ముందుకు పాస్ వేయడానికి అనుమతి వచ్చింది. అప్పట్లో ఎవరికీ తగలకుండా నేలపడితే బంతి ఎదుటి జట్టుదే! అందుకే పాస్ వేయాలంటేనే జంకేవారు.

యాంకర్: మరి గీత వెనక ఎక్కడి నుంచైనా వేయొచ్చని ఎప్పటి నుంచి?

విశ్లేషకురాలు: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1933 నుంచి. అంతకుముందు కనీసం 5 గజాలు వెనక ఉండాలి. 1932 టైటిల్ మ్యాచ్‌ని విపరీతమైన చలి వల్ల షికాగో స్టేడియం లోపల ఆడించారు. షికాగో బేర్స్ ఆటగాడు బ్రాంకో నగర్‌స్కీ, తన జట్టులోని రెడ్ గ్రేంజ్‌కి పాస్ వేసి, పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ చేయించాడు. "అతను 5 గజాలు వెనక్కి వెళ్లనేలేదు" అని పోర్ట్స్‌మత్ జట్టు గొడవపడింది. మరుసటి ఏడాది ఆ నిబంధననే ఎత్తేశారు.

యాంకర్: ఇక అందరూ తికమకపడే ఇంటెన్షనల్ గ్రౌండింగ్‌కి వద్దాం.

రిఫరీ: డిఫెండర్లు మీదికొచ్చేస్తున్నారు, ఇంకో క్షణంలో సాక్ అయిపోతాడు, అంటే బంతితో సహా గీత వెనకే పడగొట్టేస్తారు, గజాలు పోతాయి. ఆ నష్టం తప్పించుకోవడానికి తనవాళ్లెవరూ అందుకోలేని చోటికి బంతి పారేస్తే అది గ్రౌండింగ్. 10 గజాలు, లేదా ఫౌల్ జరిగిన చోటే బంతి; డౌన్ పోవడం మాత్రం ఖాయం. అయితే విసిరేటప్పుడు డిఫెండర్ తగలడం వల్ల బంతి దారి తప్పితే ఫౌల్ కాదు.

యాంకర్: మరి ఒక్కోసారి బంతిని ప్రేక్షకుల్లోకి విసిరినా జెండా పడదేం?

రిఫరీ: అతను పాకెట్ బయటికి, అంటే ట్యాకిళ్లు (గీత మీద అతనికి కాపలాగా ఉండే తనవాళ్లు) నిలబడే పరిధి దాటి పక్కకు వచ్చేసి ఉంటాడు. బంతి కనీసం స్క్రిమ్మేజ్ గీత దాకా చేరితే చాలు, దగ్గర్లో రిసీవర్, అంటే పాస్ అందుకునే ఆటగాడు, లేకపోయినా ఫర్వాలేదు.

విశ్లేషకురాలు: నాకు ఈ మినహాయింపు అస్సలు నచ్చదు సార్. డిఫెన్స్ అంత కష్టపడి తరిమితే, అతను పక్కకు నాలుగడుగులు వేసి ఏ నష్టం లేకుండా బయటపడటం న్యాయమా?

రిఫరీ: మేడమ్, అది లేకపోతే పరిగెత్తే మనిషిని పక్క నుంచి, వెనక నుంచి ఢీకొడతారు. ఆ దెబ్బలు నేను దగ్గర నుంచి చూశాను. నాలుగు గజాల కోసం ఒక కుర్రాడి భుజం పోకూడదు.

విశ్లేషకురాలు: భద్రత ముఖ్యమే, కాదనను. కానీ దానికి రఫింగ్ ద పాసర్, అంటే పాస్ వేసేవాణ్ణి దురుసుగా కొడితే పడే శిక్ష, ఉంది కదా, 15 గజాలు, పైగా ఫస్ట్ డౌన్, అంటే ప్రయత్నాలు మళ్లీ మొదటి నుంచి. రెండు వైపులా క్వార్టర్‌బ్యాక్‌కే రక్షణ ఎక్కువైందనే నా వాదన.

యాంకర్: పాకెట్‌లో దొరికిపోయిన ఉదాహరణ ఒకటి?

విశ్లేషకురాలు: 2012 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్. ఆ మ్యాచ్‌లో బంతి చేతికొచ్చాక పేట్రియట్స్‌కి అదే మొదటి ప్రయత్నం. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ సొంత ఎండ్ జోన్‌లోంచి, అంటే మైదానంలో తమ వైపు చివరి భాగంలోంచి, మైదానం మధ్యకు చాలా దూరం విసిరాడు, అక్కడ ఎవరూ లేరు. ఎండ్ జోన్‌లో గ్రౌండింగ్ అంటే సేఫ్టీ. ఎదుటి జట్టు జెయింట్స్‌కి 2 పాయింట్లు, ఆపైన బంతీ వాళ్లదే. చివరికి 21-17తో గెలిచారు. ఎంత దూరం వేశాడని కాదు, ఎవరికి వేశాడన్నదే రిఫరీ చూస్తాడు.

యాంకర్: గడియారం ఆపడానికి బంతిని కాళ్ల దగ్గరే కొడతారు, అదీ?

రిఫరీ: స్పైక్. స్నాప్, అంటే ఆట మొదలుపెడుతూ వెనక్కి అందించే బంతి, అందిన వెంటనే కొడితే ఒప్పు. కాసేపు ఆగి, రిసీవర్ల కోసం చూసి, అప్పుడు కొడితే గ్రౌండింగే.

యాంకర్: ఒక ప్రేక్షకుడి ప్రశ్న: పాస్ వెనక్కి వేస్తే?

రిఫరీ: ఎన్నిసార్లయినా వేయొచ్చు, గీత దాటాక కూడా. కాకపోతే ముందుకు వేసిన పాస్ నేలపడితే ఆట ఆగుతుంది. వెనక్కి వేసింది నేలపడితే ఆగదు, బంతి ఎవరు పట్టుకుంటే వాళ్లది. పక్కకు వేసిన పాస్ జారిందని చాలామంది కుర్రాళ్లు నిలబడి చూస్తుంటారు. ఈల వినపడేదాకా బంతి మీద పడాల్సిందే.