హార్డ్ డిస్క్ పీకేసినా కంప్యూటర్ నడుస్తుందా? మిర్రర్ సెటప్‌ల రివ్యూ

నమస్తే అండి. స్క్రీన్ మీద చూడండి. ఎడమ పక్క పెళ్ళి వీడియో ఆడుతోంది, కుడి పక్క కోరల్‌డ్రాలో శుభలేఖ తెరిచి ఉంది. కేబినెట్ పక్క డోరు తీసేశాను. లోపల ఒకదాని కింద ఒకటి రెండు హార్డ్ డిస్కులు, ఒక్కోటీ రెండు టీబీ. రెండూ మిర్రర్ కట్టి ఉన్నాయి, అంటే ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. కింది డిస్క్‌కి వెళ్తున్న ఈ ఎర్ర సాటా కేబుల్ పట్టుకున్నాను. పీకుతున్నాను... పీకేశాను.

వీడియో ఓ క్షణం బిగుసుకుంది, మళ్ళీ అందుకుంది. శుభలేఖలో ముహూర్తం టైం మారుస్తున్నాను, సేవ్ కొడుతున్నాను. అయిపోయింది. కింద మూలన చిన్న మెసేజ్ వచ్చింది, చూశారా? జూమ్ చేస్తాను. 'డీగ్రేడెడ్' అట, అంటే జంటలో ఒక డిస్క్ లేదని. ఈ మెసేజ్ గుర్తుపెట్టుకోండి, దీనితో చాలా పనుంది.

ఇవి టెస్టింగ్ కోసం ఉంచుకున్న పాత డిస్కులండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల స్క్రీన్‌లో) హాట్ ప్లగ్ ఆన్ చేసి మరీ పీకాను, అంటే నడుస్తుండగా డిస్క్ తీసినా పరవాలేదనే సెట్టింగు. నడుస్తున్న షాపు మెషీన్‌లో సరదాకి కూడా ఈ పని చేయకండి.

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో డీటీపీ షాపు ఎలా ఉంటుందో బయటి ఊళ్ళవాళ్ళకి కొంచెం చెప్పాలి. ఒకే కౌంటర్ మీద తెలుగు శుభలేఖ, ఒడియా శుభలేఖ, ఒక పక్క తెలుగు రెండో పక్క ఒడియా ఉన్న శుభలేఖ, మూడూ నడుస్తాయి. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, అక్కడి నుంచీ పార్టీలు వస్తారు. ఇంత పనీ జరిగేది ఒక్క కంప్యూటర్ మీద. అందులో అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు, ఎప్పటిదో పేజ్‌మేకర్, కోరల్, కలర్ ప్రింటర్ డ్రైవరు, డాంగిల్ పెడితే తప్ప తెరుచుకోని సాఫ్ట్‌వేర్ ఇంకోటి. వీటి సీడీలు ఎక్కడున్నాయని అడిగితే ఓనర్‌గారు అటక వైపు చూస్తారు.

అలాంటి మెషీన్‌లో మాఘమాసం ముహూర్తాల మధ్య డిస్క్ పోయిందనుకోండి. డిజైన్లు పెన్ డ్రైవ్‌లోనో జీమెయిల్‌లోనో దొరుకుతాయి, ఆ బాధ తక్కువే. విండోస్ ఎక్కించి, ఫాంట్లన్నీ వేసి, ప్రింటర్ కలర్ మళ్ళీ కుదిర్చేసరికి ఎంత లేదన్నా రెండు మూడు రోజులు పోతాయి. ఎదురుగా కుర్చీలో పెళ్ళికూతురు తండ్రి కూర్చుని ఉంటాడు, "కార్డులు ఎప్పుడిస్తావు బాబూ" అని. మిర్రర్ పనికొచ్చేది అక్కడ. ఆ రోజు షాపు మూయకుండా కాపాడుతుంది.

పని చేసే తీరు చాలా సింపుల్. మీరు సేవ్ కొట్టిన ప్రతిదీ రెండు డిస్కుల మీదా ఒకేసారి రాసుకుంటుంది. చదివేటప్పుడు ఏదో ఒకదాని నుంచి తెచ్చుకుంటుంది. రెండు టీబీవి రెండు పెడితే మీకు కనిపించేది రెండు టీబీయే. ఒకటి రెండు టీబీ, ఒకటి ఒక టీబీ పెడితే కనిపించేది ఒక టీబీయే. స్పీడు డబుల్ అవుతుందని అమ్మేవాళ్ళు చెప్తుంటారు, నమ్మకండి. రాసే స్పీడు రెండింట్లో నెమ్మదిగా ఉన్న డిస్క్‌ని బట్టే ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఫైళ్ళు తెరిచే చోట చదవడంలో కొంచెం తేడా తెలుస్తుంది, అంతే.

ఇది కొత్త టెక్నాలజీ ఏమీ కాదండి. 1970లలోనే అమెరికాలో టాండెమ్ అనే కంపెనీ బ్యాంకుల్లాంటి చోట్ల ఆగకుండా నడవాలని జంట డిస్కుల కంప్యూటర్లు అమ్మింది. 1988లో బర్క్‌లీ యూనివర్సిటీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రాసిన పేపర్‌లో ఈ పద్ధతికి ఒకటో నంబరు ఇచ్చారు. రెయిడ్ వన్ అంటే అదే.

సరే, రివ్యూకి వద్దాం. మొదటిది ఇప్పుడు చూపించినదే, మదర్‌బోర్డులోనే ఉండే రెయిడ్. ఇది ఇంటెల్ బోర్డు, ఏఎండీ బోర్డుల్లో కూడా చాలావాటికి ఉంటుంది. దీని గొప్ప ఏంటంటే విండోస్ కూడా మిర్రర్ లోపలే ఉంటుంది. ఒక డిస్క్ పోయినా రేపు పొద్దున్న బటన్ నొక్కితే కంప్యూటర్ లేస్తుంది, ఫాంట్లతో సహా. డీటీపీ షాపుకి కావాల్సింది అదే.

సెటప్ మాత్రం చిరాకు పెడుతుంది. బయోస్‌లో సాటా మోడ్‌ని రెయిడ్‌కి మార్చాలి. ఇప్పటికే నడుస్తున్న విండోస్ మీద ఊరికే మార్చేస్తే చాలాసార్లు బ్లూ స్క్రీనే. కొత్తగా విండోస్ వేసేటప్పుడైనా కొన్ని బోర్డుల్లో డిస్కులే కనిపించవు, డ్రైవర్ పెన్ డ్రైవ్‌లో పెట్టి మధ్యలో చూపించాలి. ఒక పూట ఖాళీ ఉంచుకుని మొదలుపెట్టండి. బోర్డే పోతే ఏంటని అడుగుతారు. అదే కుటుంబం బోర్డు దొరికితే మంచిది. దొరక్కపోయినా ఒక డిస్క్‌ని మామూలుగా ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్ళు చాలాసార్లు కనిపిస్తాయి, ఎందుకంటే ఇంటెల్ తన గుర్తుని డిస్క్ చివర్లో రాసుకుంటుంది, మన డేటా మొదటి నుంచి ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇప్పుడు ఆ మెసేజ్ సంగతి. ఒక మెడికల్ షాపు బిల్లింగ్ కంప్యూటర్ నా దగ్గరికొచ్చింది, అసలు ఆన్ అవ్వట్లేదని. తీసి చూస్తే లోపల రెండు డిస్కులు, మిర్రర్ చక్కగా కట్టి ఉంది. అసెంబుల్ చేసినవాళ్ళు పని బాగానే చేశారు. కానీ ఒక డిస్క్ చనిపోయి చాలా కాలమైంది. రోజూ పొద్దున్నే స్క్రీన్ మీద 'డీగ్రేడెడ్' అని వస్తోంది, కౌంటర్‌లో కుర్రాడు రోజూ ఎంటర్ కొట్టి పనిలో పడిపోతున్నాడు. బిల్లులు వస్తున్నాయి కదా, ఇంకేం. చివరికి రెండోది కూడా పోయింది. కుర్రాడిని అడిగితే "అది రోజూ వస్తుందన్నా, ఏమవ్వదు" అన్నాడు. వాడిని అనడానికేం లేదు, ఆ మెసేజ్ అర్థమేంటో వాడికెవరూ చెప్పలేదు.

మిర్రర్‌తో పెద్ద చిక్కు ఇదేనండి. ఒకటి పోయినా అంతా మామూలుగా నడుస్తుంది కాబట్టి పోయిందని ఎవరికీ పట్టదు. స్టెప్నీ వేసుకుని గుణుపురం వరకు వెళ్ళొచ్చు, కానీ పంక్చరైన టైరు డిక్కీలో పడేసి ఏడాది పొడుగునా తిరగలేం కదా. అందుకే నేను ఏ సెటప్‌కైనా మార్కులు వేసేది ఒకే లెక్కన: డిస్క్ పోయిన సంగతి ఓనర్‌కి ఎంత గట్టిగా చెప్తుంది? ఈ మదర్‌బోర్డు రెయిడ్‌కి ఆ విషయంలో పదికి నాలుగు. మూలన మెసేజ్, బూట్ అయ్యేటప్పుడు ఒక లైను. ఇది పెట్టుకున్నవాళ్ళు ఆ స్క్రీన్ ఫొటో తీసి, ప్రింట్ కొట్టి, మానిటర్ పక్కన అంటించండి, 'ఇది కనిపిస్తే వెంటనే ఓనర్‌కి ఫోన్ చెయ్యి' అని రాసి.

రెండోది విండోస్‌లో స్టోరేజ్ స్పేసెస్. హోమ్ ఎడిషన్‌లో కూడా ఉంటుంది, డబ్బులు అక్కర్లేదు. విండోస్ ఉన్న డ్రైవ్ కాకుండా ఇంకో రెండు డిస్కులు కావాలి. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, రెండూ టిక్ పెట్టి, టూ వే మిర్రర్ అంటే అయిపోయింది. ఆ డిస్కుల్లో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది, అది చూసుకోండి. ఒక్క డిస్క్ పీకి చూశాను, 'వార్నింగ్' అని పసుపు రంగులో చూపిస్తోంది, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయి. రెండు డిస్కులూ తీసుకెళ్ళి వేరే విండోస్ మెషీన్‌కి పెడితే అదే గుర్తుపట్టేస్తుంది, మదర్‌బోర్డు గొడవ లేదు. అది నాకు బాగా నచ్చింది.

నచ్చనిది: విండోస్ దీని మీద ఉండదు. అంటే సీ డ్రైవ్ ఎస్ఎస్‌డీ పోతే మళ్ళీ మొదటి కథే, ఫాంట్లు, డ్రైవర్లు, అటక. పెళ్ళి ఫొటోలు వందల జీబీల్లో పోసుకునే స్టూడియోవాళ్ళకి ఇది బాగుంటుంది. డీటీపీ షాపుకి సగం పనే.

మూడోది లైనక్స్. పక్కన పడేసిన పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసి, రెండు డిస్కులు మిర్రర్ కట్టి, షాపులో మిగతా మెషీన్లన్నిటికీ ఫైల్ సర్వర్‌లా వాడటం. డబ్బా రూపంలో కొనుక్కునే రెండు డిస్కుల ఎన్ఏఎస్‌లు (నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ ఫైళ్ళు పెట్టుకునే డబ్బాలు) చాలావాటిలోనూ లోపల ఉండేది లైనక్సే. స్క్రీన్ చూడండి, స్టేటస్ ఫైలు తెరిచాను. బ్రాకెట్‌లో రెండు 'యూ'లున్నాయి, రెండు డిస్కులూ బాగున్నట్టు. ఇప్పుడు ఒకటి పీకుతున్నాను. మళ్ళీ చూద్దాం... ఒక యూ, దాని పక్కన గీత. ఇంత స్పష్టంగా ఇంకేదీ చెప్పదు. దానికి తోడు డిస్క్ పోతే మెయిల్ కొట్టేలా పెట్టొచ్చు. నా ఫోన్‌కి మెయిల్ వచ్చింది, ఇదిగో. చెప్పే విషయంలో దీనికి పదికి తొమ్మిది.

కొత్త డిస్క్ పెట్టి రీబిల్డ్ మొదలెట్టాను. ఇది ఫైళ్ళున్నాయా లేవా చూడదు, డిస్క్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా కాపీ చేస్తుంది. సెకనుకి 150 ఎంబీ చొప్పున వేసుకున్నా రెండు టీబీకి దాదాపు మూడు ముప్పావు గంటలు. మధ్యలో మీరు పని చేసుకుంటుంటే ఇంకా సాగుతుంది. మిగిలిన ఒక్క డిస్క్ మీద అన్నిటికన్నా ఎక్కువ పని పడేది ఈ గంటల్లోనే. కాబట్టి ముందు బ్యాకప్ తీసి, తర్వాత రీబిల్డ్ పెట్టండి. రాత్రి షాపు మూసేముందు పెడితే పొద్దున్నకి అవుతుంది, యూపీఎస్ ఉంటేనే సుమా. ఏప్రిల్, మేలో సాయంత్రం ఈదురుగాలి మొదలైతే మన దగ్గర కరెంటు ఎన్నిసార్లు వచ్చిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రాస్తుండగా కరెంటు పోతే ఒక డిస్క్‌లో రాసినది రెండోదాంట్లో రాసి ఉండకపోవచ్చు, తర్వాత మళ్ళీ సరిచూసుకుంటూ కూర్చుంటుంది.

లైనక్స్ మెషీన్‌నే బూట్ కూడా మిర్రర్ నుంచి చేద్దామనుకుంటే ఒక మెలిక ఉంది. బూట్‌కి వాడే ఈఎఫ్ఐ పార్టిషన్ మామూలుగా ఒక డిస్క్ మీదే ఉంటుంది. ఆ డిస్క్ పోతే డేటా ఉన్నా మెషీన్ లేవదు. రెండో దాంట్లో కూడా అది పెట్టి, మొదటి డిస్క్ తీసేసి బూట్ అవుతుందో లేదో చూసి అప్పుడు కస్టమర్‌కి ఇవ్వండి. ఇది నా తోటి టెక్నీషియన్లకి.

డిస్కులు కొనేటప్పుడు రెండూ ఒకే కంపెనీ, ఒకే లాట్ తీసుకోకండి. ఒకటి బరంపురంలో, ఒకటి వైజాగ్‌లో కొన్నా తప్పులేదు. ఒకే లాట్‌వి ఒకే వేడిలో, ఒకే పని చేస్తే దగ్గర దగ్గరలోనే పోయే ప్రమాదం ఉంది. ఎస్ఎస్‌డీలైతే మరీను, రెండింటి మీదా రాత సమానంగా పడుతుంది కాబట్టి అరుగుదల కూడా సమానమే. ఎన్ఏఎస్ కోసమని అమ్మే డిస్కులకి కొంచెం ఎక్కువ పెట్టమంటాను, దానికి కారణం ఉంది. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ పాడైన చోటు చదవాల్సి వస్తే మొండిగా ప్రయత్నిస్తూనే ఉంటుంది, అంతసేపూ కంప్యూటర్ బిగుసుకుపోతుంది. ఎన్ఏఎస్ డిస్క్ ఏడు సెకన్ల లోపు వదిలేస్తుంది, వెంటనే రెండో డిస్క్ నుంచి తెచ్చుకోవచ్చు. ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా రాసే ఎస్ఎంఆర్ రకం డిస్కులు వద్దు, రీబిల్డ్‌లో నత్తనడక నడుస్తాయి. ట్రాకులు పక్కపక్కనే రాసే సీఎంఆర్ అని రాసి ఉందో లేదో చూసుకోండి. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా వస్తే పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్క్ ఇప్పటిదాకా నడిచిన గంటలు చూడండి, కొత్తదని వచ్చినదాంట్లో వేల గంటలుంటే వెనక్కి పంపేయండి. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ రీడింగుల్లో, పాడైన చోట్లని లెక్కపెట్టే 5, 197, 198 నంబర్లు సున్నా ఉండాలి. 197 పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్ మీద ఆశ వదులుకోండి.

బ్యాకప్ ఇంక అక్కర్లేదు కదా అని కామెంట్ రాకుండా ఉండదు. అక్కరుంది. మీరు పొరపాటున డిలీట్ కొడితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణం డిలీట్ అవుతుంది. రాన్సమ్‌వేర్ పడితే రెండింటికీ తాళం పడుతుంది. కంప్యూటర్‌కి కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ కాలితే రెండింటినీ కాల్చొచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో వరద ఎలా ఉందో చూశాం కదా, అలాంటి నీళ్ళు షాపులోకొస్తే ఒకే కేబినెట్‌లో ఉన్న రెండూ కలిసే మునుగుతాయి. వారానికోసారి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ కొట్టి, దాని కేబుల్ తీసేసి, ఇంటికి పట్టుకెళ్ళండి. ముఖ్యమైనవి క్లౌడ్‌లో కూడా వేయండి.

ఒకే కంప్యూటర్ మీద బతికే షాపైతే మదర్‌బోర్డు రెయిడ్, పక్కన ఆ అంటించిన కాగితం, యూపీఎస్. స్టూడియోకి స్టోరేజ్ స్పేసెస్, సీ డ్రైవ్‌కి మాత్రం నెలకోసారి ఇమేజ్, అంటే విండోస్, ఫాంట్లతో సహా డ్రైవ్ మొత్తం కాపీ, తీసి పెట్టుకోవాలి. మూడు నాలుగు మెషీన్లున్న చోట లైనక్స్ డబ్బా. ఇంట్లో పిల్లల చదువుకి వాడే కంప్యూటర్‌కి ఇవేవీ వద్దు, ఆ డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనండి చాలు.

ఇదిగో, ఇందాక తీసిన డిస్క్. చెడిపోయిందని పాత సామాన్లవాడికి వేసేద్దామనుకుంటారు. ఆగండి. మిర్రర్ నుంచి తీసిన డిస్క్ అంటే మీ షాపు డేటా మొత్తం ఉన్న కాపీ. కస్టమర్ల ఆధార్ జిరాక్సులు, ఫొటోలు, ఫోన్ నంబర్లు అన్నీ అందులో ఉంటాయి. కొన్ని చోట్ల చదవలేకపోయినంత మాత్రాన మిగతావి ఎవరూ చదవలేరని కాదు. నడుస్తుంటే పూర్తిగా చెరిపేయండి. నడవకపోతే డ్రిల్లింగ్ మెషీన్‌తో లోపలి పళ్ళేల్లోంచి దిగేలా మూడు నాలుగు రంధ్రాలు కొట్టి అప్పుడు అమ్ముకోండి. వారంటీ ఉండి వెనక్కి పంపాల్సి వస్తే మాత్రం రంధ్రం కొడితే వారంటీ పోతుంది. అందులో జనం డేటా ఉంటే నేనైతే వారంటీనే వదులుకుంటాను.