షెంజెన్ గ్వాన్‌లాన్ ప్రింట్ విలేజ్ రివ్యూ: గోడలు కాదు, కాగితం చూడండి

అందరికీ నమస్తే. ఇవాళ చైనాలోని షెంజెన్ నగరంలో ఉన్న గ్వాన్‌లాన్ ప్రింట్ విలేజ్ గురించి. చెక్క మీదో రాగిరేకు మీదో బొమ్మ చెక్కి, కాగితం మీద అచ్చువేసే కళాకారుల ఊరు ఇది. ఆ అచ్చుబొమ్మల్నే ప్రింట్లు అంటారు. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోకి కారు, గైడ్ ఖర్చు ఒక టూర్ కంపెనీ పెట్టుకుంది. అభిప్రాయం మాత్రం పూర్తిగా నాదే.

ముందు రూటు క్లుప్తంగా. మెట్రో 4వ లైన్లో చివరి స్టేషన్ నియుహు, అక్కడ్నుంచి టాక్సీ. ఊళ్లోకి ప్రవేశం ఉచితం. అంతే, ఆ సంగతి వదిలేద్దాం.

ఇది హక్కా అనే చైనా జనవర్గానికి చెందిన పాత ఊరు. హక్కా ఇళ్లనగానే ఫూజియన్ రాష్ట్రంలోని గుండ్రటి మట్టికోటల్ని ఊహించుకోకండి. ఇక్కడివి వరసగా కట్టిన ఇళ్లు. తెల్లటి గోడలు, నల్లటి పెంకులు, ఇరుకు సందులు, పైకి లేచిన కావలి బురుజు. 1930ల్లో చైనా కొత్త వుడ్‌కట్ (చెక్క మీద చెక్కి వేసే అచ్చుబొమ్మ) ఉద్యమంలో పనిచేసిన కళాకారుడు చెన్ యన్‌చావ్‌ది గ్వాన్‌లానే. అందుకే 2006లో ఈ పాత ఊరిని ప్రింట్ కళాకారుల కోసం బాగుచేయడం మొదలుపెట్టారు.

వచ్చినవాళ్లలో చాలామంది గోడల ముందు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నాకు చిరాకు తెప్పించేది అదే! ఇక్కడ చూడాల్సింది కాగితం అండీ.

రాగిరేకు ప్రింటునే తీసుకోండి. రేకు మీద గీసిన గాట్లలోకి ఇంకు కూరతారు. పైన మిగిలింది గట్టి జాలీగుడ్డతో, ఆఖర్న అరచేత్తో తుడుస్తారు. ఎక్కువ తుడిస్తే గాట్లలోని ఇంకు కూడా లేచొచ్చి గీత పాలిపోతుంది. మందపాటి కాగితమైతే సుమారు అరగంట నానబెట్టి, పైన నీటి మెరుపు పోయేదాకా అద్దుడు కాగితాల మధ్య నొక్కుతారు. పొడిగా ఉంటే గీతలు తెగుతాయి, మరీ తడిగా ఉంటే ఇంకు సరిగ్గా పట్టదు. ప్రెస్సు ఒత్తిడి ఒకవైపు తగ్గితే బొమ్మ ఆవైపే వెలిసిపోయినట్టు వస్తుంది. అన్నీ కుదిరితే బొమ్మ చుట్టూ రేకు అంచు కాగితంలోకి దిగి, వేలికి తగిలే పల్లం ఏర్పడుతుంది. వెలుతురు పక్కనుంచి పడేలా నిలబడి చూడండి, ముట్టుకోకుండానే కనిపిస్తుంది.

వుడ్‌కట్ దీనికి తిరగేసిన పని. చెక్కిన చోటు తెల్లగా మిగులుతుంది, చెక్కకుండా వదిలిందే అచ్చు పడుతుంది. పెడన కలంకారీ అచ్చులు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. నీటి రంగులతో వేసిన వుడ్‌కట్ అయితే వెనక్కి తిప్పి చూపించమనండి, పలచటి కాగితంలోకి రంగు ఇంకి వెనకవైపు కూడా తెలుస్తుంది.

ఇదే నగరంలోని డాఫెన్ అనే ఇంకో కళాకారుల ఊళ్లో ఆయిల్ పెయింటింగుల కాపీలకు గిరాకీ. ఇక్కడ కొనేది ఒరిజినల్ ప్రింటు కాబట్టి బొమ్మ కింద పెన్సిల్ రాత చూడాలి. 3/30 అంటే 30 ప్రతుల్లో మూడోది. ఏ/పీ అంటే కళాకారుడు తనకోసం ఉంచుకున్న ప్రతి. పక్కనే సంతకం ఉండాలి. భూతద్దంలో రంగురంగుల సన్నటి చుక్కలు కనిపిస్తే సాధారణంగా అది మెషీన్ ముద్రణ. పోస్టర్ ధర దాటి ఇవ్వకండి.

చిన్న ప్రింటుని రెండు అట్టల మధ్య పెట్టించుకోండి, చుట్టకండి. ఆయిల్ ఇంకు ఆరడానికి రోజులు పడుతుంది. ఎప్పుడు వేశారో అడిగాకే ప్యాక్ చేయించండి.

ఫొటోల కోసమే అయితే ఇంత దూరం రావద్దు. ప్రింటంటే ఇష్టం ఉంటే మాత్రం ఒక పూట పూర్తిగా ఇక్కడికే కేటాయించండి, నా దగ్గర్నుంచి పదికి తొమ్మిది. 2014లో తెరిచిన ప్రింట్ మ్యూజియం కూడా దగ్గర్లోనే ఉంది. చైనాలో మ్యూజియంలకు మామూలుగా సోమవారం సెలవు, ఆ రోజు మాత్రం పెట్టుకోకండి.